సావుమిట్టకు మేం పెట్టిన పేరు

మా చిన్నమామ దాక్కున్న చోటు పేరు ఇంట్లో ఎవరూ పలకకూడదని అవ్వ కట్టడి చేసింది. బయటివాళ్ల చెవిన పడితే ఆయన ప్రాణం పోతుందన్నది ఒక కారణం. రెండోది, ఆ పేరే మంచిది కాదు. మైలవరం డ్యాము నీళ్లలో మునిగిన ఒక పల్లెలో ఎత్తు మీద ఉన్న కాస్త భాగం మాత్రం మునగకుండా మిగిలింది. దాన్ని చుట్టుపక్కల వాళ్లు సావుమిట్ట అంటారు. కన్నకొడుకు సావుమిట్టలో ఉన్నాడని ఏ తల్లి తన నోటితో అంటుంది?

అవ్వ మా అమ్మకు అమ్మ. చిన్నమామ ఆమెకు కడగొట్టు కొడుకు. అందరం జమ్మలమడుగుకు దగ్గరలో ఒక పల్లెలో ఉండేవాళ్లం. నాయన మిషను బడిలో పంతులు. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతూ రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. క్లాసులో హాజరు పిలిచినప్పుడు నా గొంతు వినపడక రెండుసార్లు పిలిచేవాళ్లు. మాట్లాడాల్సిందంతా డైరీలో రాసుకునేదాన్ని.

మామ జీపు తోలేవాడు. ఎలక్షన్ల ముందు ఒక నాయకుడి మనుషులు ఆ జీపును బాడుగకు మాట్లాడుకున్నారు. పులివెందుల దారిలో తొండూరు దాటాక, కల్వర్టు దగ్గర జీపు మెల్లగా పోతున్నప్పుడు నాటుబాంబులు పడ్డాయి. వెనక కూర్చున్న ఇద్దరు అక్కడే పోయారు. మామ స్టీరింగు కిందికి జారి బతికాడు. బతికి, చూడకూడనిది చూశాడు. బాంబులు వేసినవాళ్లు ఎవరో ఆయనకు తెలుసు. వాళ్లు మా పక్క ఊళ్లవాళ్లే. ఆ అదురులో పోలీసులు అడిగితే ఉన్నది ఉన్నట్టు పేర్లతో సహా చెప్పేశాడు. ఆ సాయంత్రం నుంచి ఆయన ఈ పార్టీకీ కాకుండా ఆ పార్టీకీ కాకుండా వట్టి సాక్షిగా మిగిలాడు. ఎండాకాలం పోయాక ప్రొద్దుటూరు కోర్టులో వాయిదా. అప్పటిదాకా ఆయన్ని బతికించుకోవడమే ఇంటిల్లిపాదికీ పని అయింది.

సావుమిట్టను వెతికిపెట్టింది నాయన దగ్గర చదువుకున్న ఒకాయన. ఆయన మైలవరంలో చేపలు పట్టేవాడు. ఆ మిట్ట మీద మునిగిన ఊరి బడి తాలూకు నాలుగు గోడలు మిగిలి ఉన్నాయి. చుట్టూ నీళ్లు. నీళ్లు తగ్గినచోట ఒండ్రు. చూడటానికి గట్టి నేల లాగే ఉంటుంది, అడుగు వేస్తే నడుము దాకా దిగబడుతుంది. తప్పిపోయిన గొర్రె కోసం దిగిన ఇద్దరు కాపరులను ఆ ఒండ్రు ఉంచేసుకుందట. ఆ తర్వాత అక్కడికి ఎవరూ పోరు, ఎవరినీ పోనివ్వరు. చేపలాయన మాత్రం లోతు నీళ్ల వైపు నుంచి పుట్టిలో పోయే దారి తెలిసినవాడు. వారానికి రెండుసార్లు మామకు సద్దీ, బియ్యమూ చేరవేసేవాడు.

మారుపేరు కావాలి. ఇలాంటివి అవ్వ తన బుర్రతో తేల్చుకునేది కాదు. మా సంఘంలో కొత్త సంవత్సరానికి వాగ్దానం తీస్తారు. కళ్లు మూసుకుని వాక్యాలు రాసిన కార్డుల్లోంచి ఒకటి తీస్తే, ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట అదే. అవ్వ దానికి కొత్త సంవత్సరం దాకా ఆగేది కాదు. బిడ్డకు పేరు పెట్టాలన్నా, ఎద్దును అమ్మాలన్నా కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టేది. వేలు పడిందే మాట. రెండోసారి తీయకూడదు. తీస్తే దేవుణ్ణి నమ్మనట్టు.

"బైబిలులో ఊరి పేరొస్తే అందరికీ తెలిసిపోతాది" అని నాయన అన్నాడు. మిషను బంగళా ఖాళీ చేసినప్పుడు ఆయన తెచ్చుకున్న పెద్ద అట్లాసు గోడపెట్టెలో ఉంది. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని ఒక పేజీ తెరిచి వేలు ఆనించింది. వేలు ఎత్తనివ్వకుండా నేను వంగి చూశాను. ఆఫ్రికాకూ మడగాస్కరుకూ మధ్య నీలిరంగులో ఆవగింజంత చుక్క. దాని పక్కన చీమల్లాంటి అక్షరాలు.

"మయోట్" అని చదివాను.

"ఏందది? ఊరా?"

"దీవి అవ్వా. చుట్టూ సముద్రం. ఫ్రాన్సు వాళ్లదంట."

"ఎవురిదైతే ఏంలే, మనకు ఓట్లు ఉండాయా ఆడ?" అంది అమ్మ.

అవ్వ మాత్రం కళ్లు తుడుచుకుంది. "సూస్తిరా? అన్ని ఊర్లుండంగా నీళ్ల నడుమ ఉండేదే ఇచ్చినాడు దేవుడు. నా కొడుకు యాడుండాడో ఆయనకు తెల్సు."

అప్పటినుంచి ఇంట్లో అదే మాట. మయోట్‌కు సద్ది పోయిందా, మయోట్‌లో దోమలు ఎక్కువయ్యాయంట, ఇట్లా. పక్కింటామె ఒకరోజు విని, "ఆ మయోట్ మాత్ర మోకాళ్లకు పని చేస్తాందా అవ్వా? నాగ్గూడా రెండియ్యి" అంది. అవ్వ నవ్వకుండా, "వాతం ఒళ్లుకు పడదులే మే" అంది. మిట్ట దగ్గరికి పోయేవాళ్లకూ ఆ మాటే గుర్తు. పుట్టి ఒడ్డుకు తగలకముందే మయోట్ అని పిలవాలి. పిలిస్తేనే మామ గోడ చాటు నుంచి బయటికి వస్తాడు. ఆ మాట లేకుండా ఎవరు వచ్చినా, ఎవరు ఏమని అరిచినా రాడు.

వేసవి మొదట్లో ఒకసారి చేపలాయనతో నేనూ పోయాను. నీటి అడుగున బావి వరలు కనపడ్డాయి. ఒక వీధి తిన్నగా నీళ్లలోకి దిగిపోయింది. ద్వారబంధాలు ఎప్పుడో ఊడదీసుకుపోయారు కానీ గడపలు అట్లే ఉన్నాయి, వాటిమీద చేపపిల్లలు ఆడుతున్నాయి. పుట్టిలోంచి మెల్లగా మయోట్ అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. అయినా గోడ సందులోంచి మామ వచ్చాడు. గడ్డం పెరిగింది. మాట బాగా తగ్గిపోయింది.

"నీ గొంతుకు మైకు పెట్టాలమ్మీ" అన్నాడు. తర్వాత బడి ముందరి మెట్టు చూపించాడు. "రోజుకొక మెట్టు బయటపడతాంది. నీళ్లు తగ్గుతాండాయి. అది కాదు గానీ, ఇది సూడు."

మెట్ల కింద ఒండ్రు మీద వరసగా సన్నని గీతలు. తెల్లవారి వాకిలి ఊడ్చాక పొరక గీతలు పడతాయే, అచ్చం అట్లాగే. అలలు వెనక్కి పోయినప్పుడు పడ్డ గీతలే అయ్యుంటాయి. కానీ అవి బడి వాకిలి మేరకే ఉన్నాయి, ఆ పక్కా ఈ పక్కా లేవు.

"రోజూ పొద్దున నేను లేసేలోగా ఊడ్చి పోతాంది. దయ్యమైనా శానా పనిమంతురాలే" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ గీతలను తొక్కకుండా పక్కనుంచి నడవడం నేను గమనించాను. రంగు వెలిసిపోయిన సిమెంటు నల్లబల్ల మీద బొగ్గుతో మా అందరి పేర్లూ రాసుకున్నాడు. అవ్వ పేరు, అమ్మ పేరు, నా పేరు. ఆయన పేరు మాత్రం రాసుకోలేదు.

నేను తిరిగి పుట్టి ఎక్కుతుంటే, "పుస్తకాల పురుగువి గదా. ఆ పేరుకు అర్థమేందో సూసి చెప్పు. పొద్దుపోక అదే ఆలోచిస్తాండా. నేనుండే ఊరి పేరుకు అర్థం తెలియకపోతే ఎట్ల?" అన్నాడు.

కాలేజీ లైబ్రరీలో అద్దాల బీరువాలో లావు పుస్తకాలు ఉండేవి. అవి ఇమ్మని అడగడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ దీవి గురించి ఉన్నది ఒక పేజీ కూడా లేదు. పక్కనున్న మూడు దీవులూ ఫ్రాన్సు నుంచి విడిపోతామని ఓట్లేస్తే, ఇదొక్కటి ఉండిపోతామని ఓటేసిందట. మామకు చెబితే నవ్వుతాడు కదా, మూడూర్లు ఒక పార్టీ, ఇదొక్కటి ఇంకో పార్టీ అని, అనుకుంటూ కిందికి చదివాను. దీవి చుట్టూ నీళ్ల కింద పగడపు దిబ్బలు ఉన్నాయట. వాటికి తగిలి ఎన్నో ఓడలు పగిలిపోతే అరబ్బు నావికులు దానికి జజీరత్ అల్ మౌత్ అని పేరు పెట్టారని, మయోట్ అన్నది దాని నుంచే వచ్చిందని కొందరు చెబుతారని రాసి ఉంది.

పక్కన ఇంగ్లీషులో అర్థం ఇచ్చారు కానీ నాకు దాని అవసరం లేకపోయింది. మా వీధి చివర సాయిబుల ఇళ్లలో ఎవరైనా పోతే వినే మాటే మౌత్. అంటే, సావుదీవి.

పైన ఫ్యాను తిరుగుతోంది. పలకకూడదని మేం దాచిన పేరే, ఎక్కడో సముద్రం అవతల నుంచి, వేరే భాషలో, అవ్వ వేలి కిందికి వచ్చి కూర్చుంది. నెలన్నరగా మేమంతా దాన్నే పలుకుతున్నాం. అన్నం పంపేటప్పుడూ అదే, ప్రార్థన చేసేటప్పుడూ అదే. మిగతా నాలుగు వరసలు చదవకుండా పుస్తకం మూసేశాను.

డైరీలో రాసుకుని ఊరుకోవాల్సింది. అన్నీ అట్లాగే చేసేదాన్ని కదా. కానీ ఇది కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇంటికి పోయి అవ్వకు చెప్పాను.

అవ్వ నన్ను తిట్టలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చాటను పక్కన పెట్టింది. "రెండోసారి తీయగూడదు" అంది తనలో తాను. కాసేపటికి, "ఇచ్చిన పేరు ఆయనే ఇచ్చినాడు. ఆయన్నే అడగాల" అంది. మూడు రోజులు పచ్చి మంచినీళ్లతో ఉపవాసం ఉంది. ఆదివారం నేనే చెయ్యి పట్టుకుని మా మిషను గుడికి తీసుకుపోయాను. ఆమె అంతకుముందే పాస్టరు అయ్యగారికి ప్రార్థన మనవి ఇచ్చిందని నాకు తెలియదు.

మా గుడిలో ప్రసంగం అయిపోయాక మనవులు పైకి చదువుతారు. పేర్లు వద్దంటే పేర్లు చదవరు. కాన్పుకు దగ్గరపడ్డ కూతురు కోసం, వాన కోసం, తాగుడు మానని భర్త కోసం. ఒక్కొక్కదానికీ అందరూ ఆమేన్ అంటున్నారు. అయ్యగారు ఇంకో చీటీ తీశాడు.

"నీళ్ల నడుమ, సావు అని పేరున్న చోట ఒంటరిగా ఉన్న తన కుమారుని ప్రాణం కొరకు ఒక తల్లి మనవి."

ఆమేన్ అన్నారు. కానీ ఈసారి అది ఒక్క గొంతులా రాలేదు. ముందు ఒకరిద్దరు, తర్వాత ఇంకొందరు, తర్వాత ఏమీ లేదు. ఆడవాళ్ల చేతుల్లో విసనకర్రలు ఆగాయి. దీవి పేరు చెప్పి ఉంటే ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. అవ్వ చెప్పింది దాని అర్థం. అది తెలియనివాళ్లు ఆ గుడిలో ఒక్కరూ లేరు. రెండు పార్టీల వాళ్ల చేలల్లో పనికి పోయేవాళ్లూ ఆ బెంచీల మీదే కూర్చుంటారు. దీవెన కాకముందే మగవాళ్ల వైపు నుంచి ఒకరు లేచిపోయారు. బయట సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినపడింది.

"ఊరి పేరు చెప్పలేదు గదా మే, ఏం భయం?" అంది అవ్వ దారిలో. మూడు రోజుల ఉపవాసంతో ఆమె మొహం తేటగా ఉంది.

మామకు వెంటనే కబురు చేరాలి. నాయన ట్రైనింగుకని కడపలో ఉన్నాడు. అమ్మ కదిలితే ఊరంతా చూస్తుంది. కాలేజీ సంచి తగిలించుకుని, స్నేహితురాలి దగ్గర నోట్సు తెచ్చుకోవాలని చెప్పి, జమ్మలమడుగులో మైలవరం బస్సు ఎక్కాను. ఒంటరిగా కాలేజీకి తప్ప ఎక్కడికీ పోనిదాన్ని. బస్సు కదిలాక ఇద్దరు పరిగెత్తుకొచ్చి ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్నారు. తెల్లచొక్కాలు. ఒకాయన ఒళ్లో తువ్వాలులో చుట్టిన ఏదో ఉంది. కాసేపటికి ఆయన ముందుకు వంగాడు.

"పంతులుగారి పాపవు గదమ్మా?"

తల ఊపాను.

"బయలుదేరినోళ్లను యాడికని అడగగూడదులే, మంచిది కాదు. దూరమా?"

నేను కిటికీలోకి చూశాను.

"బిడ్డకు సిగ్గెక్కువ. అడగగాకు లేప్పా" అన్నాడు రెండో ఆయన. ఇద్దరూ శనక్కాయల ధర గురించి మాట్లాడుకోసాగారు.

డ్యాము దగ్గర దిగాను. వాళ్లూ దిగారు. వెనక్కి పోదామంటే బస్సు వెళ్లిపోయింది. ఒడ్డు వెంబడి నడిచాను, చేపలాయన ఉంటాడని. ఆయన లేడు, పుట్టీ లేదు. ఎదురుగా మిట్ట, దాని మీద నాలుగు గోడలు. వాళ్లు తుమ్మచెట్టు నీడన తీరిగ్గా కూర్చున్నారు.

"పిలువు పాపా" అన్నాడు తువ్వాలు ఉన్నాయన. "మాకు మాట్లాడే పనుండాది. నీ గొంతుకైతే వస్తాడు."

గాలి మా వైపు నుంచే మిట్ట మీదికి వీస్తోంది. నా గొంతైనా సరే చేరుతుంది. గోడ సందులో ఏదో తెల్లగా కదిలింది. మామ చూస్తున్నాడు. నన్ను చూశాడు, ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాడు. పిలిస్తే బయటికి వస్తాడు. రావద్దని అరిచినా, నేను అరవడం ఎన్నడూ విననివాడు కాబట్టి, నాకేమయిందోనని వస్తాడు. నేను చేయగలిగింది ఒక్కటే, నోరు తెరవకుండా నిలబడటం.

నిలబడ్డాను. నా కాళ్ల దగ్గరున్న నీడ కట్ట దాకా సాగేంతసేపు.

"నోట్లో ఏముండాదమ్మీ? వక్కాకా?" అన్నాడు రెండో ఆయన. జవాబు రాకపోయేసరికి లేచి నీటి అంచుకు పోయి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, సన్నని ఆడగొంతుతో, "మామా... ఓ మామా..." అని పిలిచాడు. అది నా గొంతే. నేను ఎప్పుడూ అంత గట్టిగా పిలవలేదు కానీ, పిలిచి ఉంటే అచ్చం అట్లాగే ఉండేది. బస్సులో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మరి ఎక్కడ విన్నాడు? నీళ్ల మీద ఆ పిలుపు పోయి గోడలకు తగిలి, మళ్లీ మా దగ్గరికి వచ్చింది. మామా, ఓ మామా.

అందులో ఆ మాట లేదు, పిలిచింది నేను కాదని మామకు కనపడుతూనే ఉంది. మిట్ట మీద ఏమీ కదలలేదు.

"ల్యాడేమో" అన్నాడు.

"ఉండాడు. నడిచే పోదాం పా. నీళ్లు తగ్గినాయి గదా."

వాళ్లు దిగారు. నాలుగడుగులు గట్టిగానే ఉంది. ఐదో అడుగుకు ముందున్నాయన మోకాలి దాకా పోయాడు, కాలు లాగబోతే తొడ దాకా. ఆయన అరవలేదు. పిల్లాడిలా, "పట్టుకో అప్పా, పట్టుకో" అన్నాడు. వెనకున్నాయన తన తువ్వాలు విప్పి కొస విసిరాడు. అందులోని కొడవలి ఒండ్రులో పడి, కాసేపు పిడి కనపడి, తర్వాత అదీ కనపడలేదు. బయటికి వచ్చేసరికి ఒక చెప్పు లేదు. ఇద్దరూ నా వైపు చూడకుండా ఒడ్డున కూర్చుని కాళ్లు కడుక్కున్నారు.

దూరంగా చేపలవాళ్ల పుట్లు రెండు మూడు వస్తూ కనపడ్డాయి. వాళ్లు లేచారు. "లాస్ట్ బస్సు పోతాది, జాగ్రత్తగా పో పాపా" అన్నాడు ఒకాయన. ఒంటి చెప్పుతోనే కట్ట ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ పుట్లలో వచ్చిన చేపలాయన పొద్దు ఉండగానే మామను అవతలి ఒడ్డుకు చేర్చాడు. అక్కడి నుంచి ఆయన బళ్లారి వైపు పోయాడు.

తర్వాత వారం ఆ లావు పుస్తకం మళ్లీ అడిగాను. నేను చదవని నాలుగు వరసల్లో ఏముందంటే, ఆ దిబ్బలు దీవి చుట్టూ కోటలా తిరిగి ఉంటాయి, వాటి లోపలి నీళ్లు చాలా నెమ్మదైనవి. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు తమ దీవిని మావోరే అనుకుంటారు. ఇంకో పేరు ఓడల్లో వచ్చినవాళ్లది. ముందే చదివి ఉంటే అవ్వకు ఇంకోలా చెప్పేదాన్నేమో. చెప్పకపోదునేమో కూడా.

వాయిదా రోజు రానే వచ్చింది. కానీ అప్పటికే ఇద్దరు నాయకులూ ఒకే పార్టీలో చేరి, ఒకే వేదిక మీద దండలు వేసుకున్నారు. మామ కోర్టులో, పొగలో మొహాలు కనపడలేదని చెప్పాడు. చెప్పాలని ఎవరు కబురు పెట్టారో, ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో నేను అడగలేదు. ఇంటికి వచ్చాడు. అవ్వ గుడిలో కృతజ్ఞత మనవి చదివించింది. దేవుడు విన్నాడని చచ్చేదాకా అందరికీ చెప్పుకుంది. విన్నది ఎవరో నేను ఆమెకు చెప్పలేదు.

ఆ తర్వాతి ఎలక్షన్లకు ఓటరు చీటీలు పంచుతూ, బస్సులో నా వెనక కూర్చున్న ఆ ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తెల్లచొక్కాలు. మామ వాళ్లతో ఒకే మంచం మీద కూర్చున్నాడు. పాత సంగతులు మాట్లాడుకుని నవ్వుకున్నారు. నేను టీ తీసుకుపోయాను.

"ఆ పొద్దు ఒక మాట పిలిస్తే వచ్చేటోణ్ణని చెప్తాండాడు మీ మామ" అన్నాడు ఆడగొంతుతో పిలిచినాయన, గ్లాసు అందుకుంటూ. "ఏందమ్మా ఆ మాట?"

"చెప్పుమే, ఇప్పుడేముండాది" అన్నాడు మామ. నవ్వుతున్నాడు కానీ కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. మిట్ట మీద ఒండ్రు గీతలు చూపించినప్పుడు కూడా ఆ కళ్లు అట్లాగే ఉన్నాయి.

అంతా ఎదురుచూస్తున్నారు. చక్కెర సరిపోయిందా అని అడిగాను.